గంపలో పేర్చిన ఇంగ్లీషు

నూకాలూ, మన గౌరికి ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చేసిందే! నువ్వు పోయి ఏడాది తిరక్కుండానే!

ఆమదాలవలస బడిలో ఇవాళ దానిచేత పాఠం చెప్పించి చూశారు. ‘బిగ్’ అనడానికి ఇంకా ఏయే మాటలున్నాయో నేర్పాలి. పిల్లలు బిక్కమొహాలు వేశారు. నేను గుమ్మం బయట నుంచి తొంగి చూశాను. గౌరి బోర్డు మీద చేపలు గీసింది. చిన్నదాని పక్కన పెద్దది, అచ్చం నువ్వు గంపలో పేర్చినట్టే. ఒక్కో చేప కింద ఒక్కో మాట రాసింది.

“వంజరం ఏటర్రా?”

“బిగ్!”

“సొర?”

“హ్యూజ్!”

“తిమింగలం?”

“ఎనార్మస్!” గది దద్దరిల్లిపోయిందే!

“ఇలా సెప్పడం ఎక్కడ నేర్సినావమ్మా?” అని హెడ్మాస్టరు అడిగితే, “మా అమ్మ గంప కాడ సార్” అంది.

అక్కడ మా అమ్మకి చెప్పు, మీ నాన్నకి చెప్పు, సింహాచలం అత్తకి చెప్పు. “సేపలోళ్ల పిల్లకి ఇంగ్లీసేటి?” అన్న మీ అన్నకి మాత్రం రెండుసార్లు చెప్పు.