చక్రవర్తి ముక్కు

లుగ్దునుం నగరంలో ఉన్న బనోనా అత్తకి,
నువ్వు బాగుంటే సంతోషం, నేనూ బాగున్నాను. మా లాటిన్ బళ్ళో ఉత్తరం ఇలాగే మొదలెట్టాలంటారు. రెండోది అబద్ధం.
మామ చేత నాకో రాతి ముక్కు చెక్కించు. ఒక్క ముక్కే. తెల్ల రాయి, మూడు వేళ్ళ పొడవు. ఎందుకని అడగొద్దు. నాన్నకి చెప్పొద్దు. ఇరవై రోజుల్లో కావాలి.
నీ మేనకోడలు,
లితుగెనా
తా.క.: చదివి కాల్చెయ్. వద్దులే, మైనపు పలక కదా, ఇల్లంతా కంపు. గీకెయ్.

*

లితుగెనా తల్లికి అత్త దీవెనలు.
నీ ముక్కుకేమైందే? ఊట దగ్గర అమ్మవారికి రాతి ముక్కు మొక్కుకున్నావంటే చిన్న జబ్బు కాదు. మీ బాబాయి రాతి మోకాలు ఇచ్చాకే కదా లేచి నడిచాడు! దీనికి సిగ్గెందుకు? నాన్నకి చెప్పొద్దన్నావని చెప్పలేదు. అమ్మకి రాశాను.
నీ అత్త,
బనోనా
తా.క.: చీమిడి కూడా చెక్కాలా అని మామ అడుగుతున్నాడు.

*

అత్తా,
అమ్మ నన్ను ఊటలో మూడుసార్లు ముంచింది. ఇప్పుడు నిజంగానే పడిశం.
ముక్కు నాది కాదు, చక్రవర్తిది! లాటిన్ చదివిన పిల్లనని సంతవీధి విగ్రహానికి నన్నే దండ వెయ్యమన్నారు. జనం రాకముందే వేసేద్దామని నిచ్చెనెక్కాను. జారాను. దొరికింది పట్టుకున్నాను. ముక్కు చేతిలోకి వచ్చేసి, కిందపడి పొడిపొడైంది.
వారంలో రోము అధికారి వస్తున్నాడు. తెలిస్తే నాన్న ఊరి పెద్దరికం పోతుంది, నా తల కూడా. రాజ్యమంతా ఒకే చట్టం, ఊరూరా ఒకే ముఖం అని మా గురువు గొప్పగా చెప్తాడు. ఆ ముఖాన్ని ఒక్క మా ఊళ్ళోనే మార్చిన ఘనత నాది.
తుమ్ముతూ,
లితుగెనా
తా.క.: ప్రస్తుతానికి పిండి ముక్కు పెట్టాను. పిచ్చుకలు తినేశాయి. రెండోదాంట్లో ఉప్పెక్కువ వేశా.

*

పిల్లా, ముందే ఏడవచ్చుగా!
మూటలో ముక్కుంది, జిగురుతో అంటించు. చక్రవర్తి ముక్కు మామకి గుర్తులేక అద్దంలో చూసుకుని చెక్కాడు. పట్టుబడితే మంచి లాటిన్లో నిజం ఒప్పేసుకో. జాలిపడతారు.
అత్త
తా.క.: నిన్నట్నుంచి మామ తల దించి నడవడం లేదు.

*

అత్తకి,
నువ్వు బాగుంటే సంతోషం. నేను ఉన్నాను.
అధికారి వచ్చాడు. విగ్రహాన్ని చాలాసేపు చూసి, "ముక్కు... పెద్ద," అన్నాడు. అంతే, దొరికిపోయాననుకున్నాను. నిచ్చెన, పిండి, పిచ్చుకలు, మామ అద్దం, అన్నీ బళ్ళో నేర్పిన అలంకారాలతో సహా లాటిన్లో ఒప్పేసుకున్నాను. చివర్లో ఏడ్చాను కూడా.
అధికారి చప్పట్లు కొట్టాడు! ఆయనది సిరియా అట, సైన్యంలో నేర్చుకున్న నాలుగు లాటిన్ ముక్కలే వచ్చు. "మాట... మంచి," అన్నాడు. నాన్న ఊళ్ళోవాళ్ళతో, "చూశారా, మా పిల్ల చక్రవర్తిని ఎలా పొగిడిందో!" అన్నాడు. మా గురువు కళ్ళు తుడుచుకుంటూ, "ఏం ఉచ్చారణమ్మా!" అన్నాడు. ఏడేళ్ళు ఆయన దగ్గరే చదివాను అత్తా. ఆయనకీ లాటిన్ రాదని ఇవాళే తెలిసింది.
ఇంత పెద్ద రాజ్యం ఒక్క మాట మీద ఎలా నిలబడిందో కూడా తెలిసింది. అర్థం కాలేదని ఎవరూ ఒప్పుకోరు.
నీ లితుగెనా
తా.క.: అధికారికి ఎంత నచ్చిందంటే, వచ్చే నెల మీ లుగ్దునుం ఉత్సవంలో అరవై ఊళ్ళ పెద్దల ముందు అదే ప్రసంగం, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పమన్నాడు. అత్తా, అక్కడ లాటిన్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?