తొమ్మిది వెయ్యాల్సిన చోట

అక్టోబర్ 11, శనివారం

చెన్ మేడమ్ చైనా నుంచి తిరిగి వచ్చింది. రెండు సూట్‌కేసులు. ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాని నిండా కాగితాలు. మేడమ్ భర్త, మా సార్ కారు నడిపే జిలానీ బాషా పైకి మోసుకొచ్చి, మీ మేడమ్ ఇటుకలు తెచ్చిందేమో చూడక్కా అన్నాడు. అతనిదీ రాయచోటి పక్కనే.

ఆ కాగితాలు బడిపిల్లలు నింపిన ఫారాలు. నాలుగు వందల పన్నెండు. మేడమ్ పుట్టిన జిల్లాలో కొండల మధ్య ఉన్న బడులవి. ఆమె పీహెచ్‌డీ దీని మీదే. ఒకే క్లాస్ టీచర్ మూడేళ్లు అదే పిల్లలతో ఉంటే ఏమవుతుంది, ఏటా మారిపోతే ఏమవుతుంది. పిల్లలకూ, టీచర్‌కూ.

నేను ఆరేళ్లు విద్యా వాలంటీర్‌గా చేశానని ఆమెకు తెలుసు. ఇంటి పని అయ్యాక రోజూ మూడు గంటలు ఈ అంకెలు లాప్‌టాప్‌లో ఎక్కిస్తావా అని అడిగింది. సరే అన్నాను. ఈ అరబ్బు దేశంలో పనివాళ్లంతా ఇంటి యజమానురాలిని పిలిచినట్టు మామా అని పిలవొద్దు అని మొదటి నెలలోనే చెప్పిన మనిషి. పని అడిగినా మర్యాదగా అడుగుతుంది.

అక్టోబర్ 13, సోమవారం

పని కష్టం కాదు. ప్రతి ప్రశ్న కింద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలుంటాయి. ఒకటంటే అస్సలు కాదు, అయిదంటే పూర్తిగా నిజం. పిల్లలు ఒకదానికి చుట్టు గీశారు. అది చూసి కొట్టాలి. ఏమీ గీయకపోతే తొమ్మిది కొట్టాలి. చైనా రాత నాకు రాదు కాబట్టి ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్న కాపీ ఒకటి ఇచ్చింది.

అమ్మా నాన్నా నీతో ఉంటారా అనేదానికి సగం మంది లేరు అని పెట్టారు. పట్నాల్లో ఫ్యాక్టరీలకు పోయినారట.

ఇరవై మూడో ప్రశ్న: నేను బాధగా ఉంటే బడిలో ఎవరో ఒకరికి తెలుస్తుంది.

అక్టోబర్ 17, శుక్రవారం

ఈశ్వరికి ఫోన్ చేశాను. నా కూతురు, మా అక్క ఇంట్లో ఉండి ఏడో క్లాసు చదువుతోంది. మూడేళ్లయింది నేను దాన్ని వదిలి ఇక్కడికి వచ్చి. ఈ ఏడు వాళ్ల క్లాస్ టీచర్ అప్పుడే రెండుసార్లు మారిందట.

బిల్డింగ్ కింద నీడలో నిలబడి మాట్లాడుతుంటే జిలానీ కారు తుడుస్తూ అంతా విన్నాడు. ఫోన్ పెట్టేశాక నవ్వాడు. తిన్నావు గదా, బాగుండావు గదా, బాగా చదువుతాండావు గదా, అన్నీ నువ్వే అడిగి నువ్వే చెప్తాండావు, ఆ పిల్లకు ఊ అనేదానికన్నా సందిచ్చినావా అక్కా అన్నాడు.

ఇండియాకు కాల్ అంటే తొందరగా మాట్లాడాలి గదా అన్నాను. వాట్సాప్‌కు తొందరేముంది అన్నాడు.

అక్టోబర్ 20, సోమవారం

యాభై ఏడో ఫారం. ఆడపిల్ల, పన్నెండేళ్లు, అమ్మానాన్న లేరు. అన్నిటికీ నాలుగే పెట్టింది. ఇరవై మూడు మాత్రం ఖాళీ. లైటు కింద పెట్టి చూశాను. నాలుగుకు చుట్టు గీసి రబ్బరుతో తుడిచిన గుర్తు ఉంది.

నాలుగు కొట్టాను. ఆ పిల్ల మొదట అనుకున్నది అదే గదా.

మా హెడ్‌మాస్టర్ గుర్తొచ్చాడు. మండల ఆఫీసుకు పోయే ఏ కాగితంలోనూ ఖాళీ కనబడకూడదు అనేవాడు. ఖాళీ ఉంటే ఫారం వెనక్కొస్తుంది, వెనక్కొస్తే బడికి చెడ్డపేరు. హాజరు, బరువు, ఎత్తు, అమ్మ చదువు, ఏది తెలియకపోయినా పిల్లను చూసి నేనే నింపేదాన్ని. ఆరేళ్లలో నా బడి ఫారం ఒక్కటీ వెనక్కి రాలేదు.

అక్టోబర్ 29, బుధవారం

ఇవాళ యాభై ఫారాలు. ఒక్క ఖాళీ కూడా వదలకుండా ఎక్కించాను.

నవంబర్ 6, గురువారం

పిల్లలవి అయిపోయాయి. ఇవాళ టీచర్లవి. ఇరవై ఆరే.

నిద్ర పడుతుందా. పిల్లల ఇళ్లకు వెళ్తారా. వచ్చే ఏడు కూడా ఈ బడిలోనే ఉండాలనుకుంటున్నారా. ఈ చివరిదాన్ని పదకొండు మంది వదిలేశారు. పదకొండుసార్లు తొమ్మిది కొట్టాను. దాన్ని నింపాలని నాకు అనిపించలేదు. ఉంటాను అంటే అబద్ధం, ఉండను అంటే హెడ్‌మాస్టర్ చూస్తాడేమోనని భయం. నేనైనా వదిలేసేదాన్నే.

నవంబర్ 12, బుధవారం

మేడమ్ ఇవాళ సంతోషంగా ఉంది, కొంచెం అయోమయంగా కూడా ఉంది. వంటింట్లోకి వచ్చి నిలబడి చెప్పింది. అమ్మానాన్న దూరంగా ఉన్న పిల్లలు కూడా మిగతా పిల్లల్లాగే ఉన్నారట. టీచర్ ఏటా మారినా సరే, మా బాధ బడిలో తెలుస్తుంది అనే అంటున్నారట. తను అలా అనుకోలేదు. ఆ బడుల్లో క్లాస్ టీచర్‌ను మూడేళ్లు కదపకుండా ఉంచాలని జిల్లా ఆఫీసును అడగాలనుకుంది. ఇప్పుడు వాళ్ల ప్రొఫెసర్, డేటా అలా లేనప్పుడు ఆ మాట తీసెయ్ అన్నాడట. నెలాఖరుకు రిపోర్టు పోవాలి.

బియ్యం కడుగుతున్నాను. నీళ్లు తెల్లగా పోవడం ఆగాక కూడా కడుగుతూనే ఉన్నాను.

నవంబర్ 13

మేడమ్‌కు చెప్పలేదు.

నవంబర్ 14, శుక్రవారం

జిలానీకి చెప్పాను. ఎన్ని నింపినావు అన్నాడు. లెక్క పెట్టలేదు, అరవయ్యో డెబ్బయ్యో ఉంటాయి అన్నాను. అతను గుడ్డ పిండి బానెట్ మీద ఆరేశాడు.

డిసెంబర్‌లో నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్. సంతకం పెట్టాల్సింది సార్. ఖలాస్ అనుకొని ఊరుకో అన్నాడు జిలానీ. చీనా పిల్లకాయలు వచ్చి నీ మీద కేసేస్తారా, ఆ టీచర్లకు నువ్వెవరో తెలుసునా అన్నాడు.

వాళ్లకు నేనెవరో తెలియదు. అందుకే మింగుడుపడడం లేదు.

ఈశ్వరికి ఫోన్ చెయ్యలేదు.

నవంబర్ 16, ఆదివారం, ఉదయం 5.30

నేను చెడు చెయ్యాలని చెయ్యలేదు. పిల్లలు బాగున్నారని పెట్టాను. బాగున్న పిల్లలకు టీచర్‌ను ఎవరిస్తారు?

మా ఊరి బడిలో కూడా అన్నీ బాగున్నాయనే రాశాను ఆరేళ్లు. మరుగుదొడ్డి ఉంది అని రాశాను. తలుపు లేదు దానికి.

అదే రోజు, మధ్యాహ్నం 2

చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాలని రాత్రంతా మాటలు కూడబెట్టుకున్నాను, తీరా రెండు ముక్కలే వచ్చాయి. ఖాళీలు ఉన్నాయి, నేను నింపాను.

మేడమ్ అరవలేదు. లాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచింది. ఏవేవి నింపావో గుర్తుందా అంది. లేదు అన్నాను. ఎందుకు నింపావు అంది. మా బడిలో అలాగే చేసేవాళ్లం అన్నాను. ఆమె ఒక ఫారం చేతిలోకి తీసుకుంది. తర్వాత తగ్గు గొంతుతో అంది.

“వాళ్లు రాస్తున్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలెయ్యండి, ఎవరూ ఏమీ అనరు అని నేనే మాటిచ్చాను.”

నా గదిలోకి వచ్చి బ్యాగు కిందికి దించాను. సర్దలేదు. దించి పెట్టాను అంతే.

నవంబర్ 17, సోమవారం

పొద్దున టేబుల్ మీద సూట్‌కేసు తెరిచి ఉంది. కుర్చీలు రెండు వేసి ఉన్నాయి. కూర్చో అంది మేడమ్. నేను చదవాలి, ఆమె కొట్టాలి. నాలుగు వందల పన్నెండూ మొదటి నుంచి.

నేను ఇంగ్లీషులో చదువుతుంటే ఆమెకు ఆలస్యమవుతోంది. అందుకని వాళ్ల అంకెలు నేర్పింది. ఈ, అర్, సాన్, స్స, వూ. ఖాళీ వస్తే జియూ. జియూ అంటే తొమ్మిది.

నవంబర్ 18, మంగళవారం

యాభై ఏడో ఫారం మళ్లీ వచ్చింది. తుడిచిన గుర్తు మేడమ్‌కు చూపించాను. ఆమె కూడా లైటు కింద పెట్టి చూసింది. అప్పుడు నేను ఒక మాట అన్నాను. రబ్బరు తెచ్చి తుడిచిందంటే వద్దనుకునే తుడిచింది మేడమ్ అన్నాను. ఆమె తల ఊపింది.

జియూ అన్నాను.

నవంబర్ 23, ఆదివారం

గొంతు బొంగురుపోయింది. మేడమ్ అల్లం వేసి వేడినీళ్లు ఇచ్చింది. ఈ ఇంట్లో ఆమె కాచి నాకివ్వడం ఇదే మొదటిసారి. కోపం పోయిందని కాదు. ఇంకా తొంభై ఫారాలు ఉన్నాయి.

ప్రొఫెసర్ దగ్గర వారం గడువు అడిగిందట. డేటా ఎక్కించడంలో తప్పు జరిగింది, తప్పు నాదే అని రాసిందట. నా పేరు రాయలేదు.

నవంబర్ 30, ఆదివారం

లెక్క తేలింది. ఇరవై మూడో ప్రశ్న వదిలేసినవాళ్లు డెబ్బై ఒక్కమంది. అందులో అరవై మంది అమ్మానాన్న దగ్గర లేనివాళ్లు. టీచర్ ఏటా మారే బడుల్లోనే ఎక్కువ. మూడేళ్లు ఒకే టీచర్ ఉన్న రెండు బడుల్లో కలిపి నలుగురే వదిలేశారు. ఆ టీచర్లకు మాత్రం సరిగ్గా నిద్ర పట్టడం లేదట. అది కూడా రాయాలి అంది మేడమ్. రిపోర్టులో మూడేళ్ల మాట అలాగే ఉంచింది. జిల్లా ఆఫీసు ఒప్పుకుంటుందో లేదో తెలియదట.

సాయంత్రం సార్ నా పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాడు. రెన్యువల్‌కా, టికెట్‌కా అని నేను అడగలేదు.

డిసెంబర్ 3, బుధవారం

రెన్యువల్‌కే. జిలానీ చెప్పాడు, కాగితాలు తీసుకుపోయింది అతనే. నేను చెప్పలేదా అన్నాడు. అతను చెప్పింది వేరే.

డిసెంబర్ 5, శుక్రవారం

ఈశ్వరికి ఫోన్ చేశాను. తిన్నావు గదా అనలేదు. ఇరవై మూడో ప్రశ్న అడిగాను. నీకు బాధగా ఉంటే బడిలో ఎవరికైనా తెలుస్తుందా పాపా.

అడిగి ఊరుకున్నాను. ఫోన్‌లో వాళ్ల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. రెండు నిమిషాల పైన.

జియూ.