బయట వేసిన విస్తరి

ఏసుబాబూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆరుబయట కూర్చుని తినే హోటల్ కోసం మా అమ్మాయి గుడివాడంతా, బందరంతా ఫోన్లో గాలించింది. చివరికి దొరికినచోట లోపలి బల్లలన్నీ ఖాళీ. బయట చోటు కోసం అరగంట నిలబడ్డాం. బయట తినడం ఇప్పుడు గొప్ప!

దివిసీమలో, స్నేహితుడివని నేనే రమ్మని పిలిచిన నా పెళ్లి విందులో, నీ విస్తరి పశువుల పాక పక్కన వేశారు. "ఏరా, గాలి బాగా తగుల్తోందా?" అని మా మావయ్య నవ్వాడు.

"తగుల్తోందండి" అన్నావు, తలెత్తకుండా.

ఇదంతా అమ్మాయికి చెప్పి, మావాళ్ల కులగర్వం మీద దుమ్మెత్తి పోశాను.

"మరి నువ్వెక్కడ తిన్నావు నాన్నా?" అనడిగింది.

కులం మీద ఇన్ని వ్యాసాలు రాశాను గానీ ఆ సంగతి ఎక్కడా రాయలేదు. పందిట్లో, మొదటి పంక్తిలో తిన్నాను. నువ్వు కనిపిస్తూనే ఉన్నావు. లేచి రాలేదు.