3-41 ఇంటి ఓటర్లు
ఆళ్లగడ్డ, 10-8-96

నాయన మనింట్లో ఎన్నడూ కాపురమే లేడని, ఇల్లు తనదేనని మండలాఫీసులో చిన్నాయన రాసిచ్చినాడమ్మా. ఒళ్లు మండింది. విగ్రహాల పని ఆపేసి పోయి 1971 ఓటర్ల లిస్టు తీయించినాను. 3-41 ఇంట్లో ఇద్దరున్నారు: ఓబులేసు, ఇరవై ఎనిమిదేండ్లు, అతని భార్య సుంకులమ్మ. అది నువ్వే. నాయన మద్దిలేటి పేరు మాత్రం లేదు.

“ఓబులేసు ఎవరప్పా?” అన్నాడు గుమాస్తా.

“మా అన్న. ఏడాది బిడ్డప్పుడే పోయినాడు” అన్నాను. ఆయన నవ్వబోయి ఆగిపోయినాడు.

నాయన ఇంట్లో లేనప్పుడు లిస్టువాళ్లు వచ్చింటారు. మొగుని పేరు పలకలేక నువ్వు “ఓబులేసు నాయన” అనింటావు. వాళ్లు నాయనను వదిలేసి ఓబులేసును రాసుకున్నారు. నీ మీద కోపం రాలేదమ్మా. అన్న పేరు కాగితం మీద చూడడం అదే మొదలు. వేలితో తడిమినాను.

ఇరవయ్యో తేదీ విచారణ. నీ పేరుంది కాబట్టి నీ మాట చెల్లుతుందంట. కానీ నాయన పేరు నువ్వే గట్టిగా చెప్పాల, నేను చెప్తే చాలదు. ఇన్నేండ్లు దాచుకున్న పేరు ఒక్కసారి బయటికి చెప్పు. పైనున్న నాయన ఏమీ అనుకోడు, పక్కన నేనుంటా.

మోకాళ్లకు నూనె రాసుకుంటాండావా? నంద్యాల బస్సులో ముందు సీటే అడుగు. అక్క పిల్లలకు ముద్దులు. వస్తావో రావో పదిహేడులోగా అక్కతో జాబు రాయించు.

రంగస్వామి