ఆవిరి కుండ ఎవరికి

వీధంతా సీసాల తాత అని పిలిచే నేను, వయసు డెబ్బై తొమ్మిది, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, మా వంటింటి బల్ల ముందు కూర్చుని నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బుర్ర బాగానే ఉంది. ఏడాదంతా నిలవ ఉండాలని కూరగాయలు నింపి, మూత బిగించి, ఆవిరి కుండలో ఉడికించిన సీసాలు సామాన్ల గదిలో ఎన్నున్నాయో అనుమానం ఉన్నవాళ్ళు అడగండి, చూడకుండా చెబుతాను. చెడింది గుండె. బరువులు ఎత్తొద్దని డాక్టరు అన్నాడు. టమాటా బుట్ట బరువు కిందికి వస్తుందా అని అడిగితే, నిండుగా ఉంటే వస్తుందన్నాడు. సగం బుట్ట ఎత్తి చూశాను. సగం కూడా వస్తుంది.

అక్షరాలు తప్పు పోతే నవ్వకండి. నాకు చదువు చెప్పింది బడి కాదు, నా భార్య. అదీ సీసాలకు అంటించే చీటీల మీద. అందుకే నాకు అఆల కంటే ముందు టమాటా వచ్చింది, ఆ తర్వాత బీన్స్. తదనంతరం, సదరు లాంటి మాటలు పోస్టుమాస్టరు దగ్గర అరువు తెచ్చుకున్నవి. ఈ కాగితాన్ని అమలు చేసే పెద్దమనిషి కూడా ఆయనే.

1. ఇల్లు, పెరడు నా తదనంతరం నా కొడుకుకీ కూతురికీ చెరి సగం. పెరడు మధ్యలో గోడ మాత్రం కట్టొద్దు. నీడ పడితే టమాటా కాయదు. ఎవరు గోడ కడితే వాళ్ళ వాటా రెండోవాళ్ళకి పోతుంది.

2. బడిలో పాఠాలు చెప్పే నా కూతురికి, వాళ్ళమ్మ చేతిరాత చీటీలున్న రేకు డబ్బా. సీసా ఖాళీ అయినప్పుడల్లా చీటీ తడిపి, ఊడదీసి, ఆరబెట్టి దాచాను. ఎందుకు నాన్నా అని ఒకసారి అడిగావు. మళ్ళీ అంటించుకోవచ్చని చెప్పాను. అబద్ధం. ఒక్కటీ అంటించలేదు.

3. బస్సు నడిపే నా కొడుక్కి, ఆవిరి కుండకు టైము చూసిన నా చేతి గడియారం. నువ్వు బస్సు ఐదు నిమిషాలు ముందే తీసేస్తే జనం తిట్టి ఊరుకుంటారు. బీన్స్ ఊరుకోవు.

4. పక్కింటి వడ్రంగికి, నా వెడల్పు మూతి గరాటు. పన్నెండేళ్ళ కిందట అడిగి పట్టుకెళ్ళాడు, తర్వాత అది పోయిందన్నాడు. ఏడాదికి నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ పోయిందనే అన్నాడు. ఇంతకు ముందు రాసిన వీలునామాలో ఆయన పేరు ఎదురుగా ఏమీ లేదు అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. ఆ కాగితం చింపేశాను. సదరు గరాటు ఇకపై సర్వహక్కులతో ఆయనదే. ఎందుకో కింద తెలుస్తుంది.

5. అరల్లో ఉన్న సీసాలు అరవై మూడు. అందులో బీట్‌రూట్ రెండు నా చెవి కోసిన మంగలికి. ఆయనకు బీట్‌రూట్ పడదు, తెలిసే ఇస్తున్నాను. తక్కినవి ఇంట్లోవాళ్ళకి. మూత ఉబ్బితే తినొద్దు. వేలితో నొక్కినప్పుడు టిక్కుమంటే తినొద్దు. వాసన చూసి తేల్చుకుంటాననే మొనగాడు ఎవడైనా ఉంటే వాడికి నా ఆస్తిలో భాగం లేదు, వాడికి దాంతో పని కూడా పడదు.

6. ఇక ఆవిరి కుండ. ఈ ఇంట్లో అసలైన ఆస్తి అదే. అందులో పద్నాలుగు సీసాలు పడతాయి, మూతకి ఆరు మరలు. దాని గురించి ఒక సంగతి చెప్పకుండా దాన్ని ఎవరికీ ఇవ్వలేను.

పన్నెండేళ్ళ కిందట పద్నాలుగు సీసాల బీన్స్ పాడయ్యాయి. మూతలు ఉబ్బాయి. ఒకటి అరలోనే పేలి గోడంతా కంపు. ఇంట్లోవాళ్ళని, పక్కింటివాళ్ళని పిలిచి, అందరి ముందూ నా కోడలిని నిలబెట్టాను. ఆమెది ఎడమచేతి వాటం. ‘ఆ పుర్రచెయ్యి పెట్టి మూతలు బిగించావు, అందుకే ఇలా తగలడింది. ఇంకోసారి ఈ గది గడప తొక్కావంటే చూడు’ అన్నాను. ‘సరే మామయ్యా’ అంది. అంతే. ఆ రోజు నుంచి గడప బయట పీట వేసుకుని సీసాలు కడిగి లోపలికి అందిస్తోంది.

నిజం ఇది. ఆమె పొద్దున మూతలు సరిగ్గానే బిగించి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కుండ ఆవిరి మీద గంటన్నర ఉండాలి. అప్పుడే వడ్రంగి గరాటు కోసం వచ్చాడు. ఇస్తే తిరిగి ఎప్పుడిస్తావని కంచె దగ్గర అరగంట వాదించాను. తిరిగొచ్చేసరికి గ్యాస్ అయిపోయి పొయ్యి ఆరిపోయింది. కుండలో చప్పుడు లేదు. సిలిండరు అతన్ని పిలిచి మార్పించి, మళ్ళీ వెలిగించి, గడియారం మొదటి నుంచి చూడాల్సింది పోయి, ఆరిపోయిన అరగంటని కూడా ఉడికినట్టే కలిపేశాను. ఆకలేసింది మరి. బీన్స్‌ని చెడగొట్టింది ఆ పిల్ల చెయ్యి కాదు, నా కడుపు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

7. సీసా చల్లారి, మూత తనంతట తానే గుంటపడి టక్కుమన్నాక దాని మీద మేకుతో ఒక గీత గీస్తాను. బాగుంది అని దానర్థం. నా గీత కుడికి వాలుతుంది. పోయిన నెల, పని చెయ్యకుండా కూర్చోమన్నారు కదా అని ముక్కాలిపీట వేసుకుని సీసాలు చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఒక్క మూతల మీద గీత ఎడమకు వాలి ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళలో నా చెయ్యి ఒక్కసారీ అటు వాలలేదు.

బయటికొచ్చి చూస్తే వడ్రంగి వంటింటి కిటికీలో నా గరాటు! కడిగి బోర్లించి ఉంది, అంచున టమాటా గింజ అంటుకుని ఉంది. నేను నోరు తెరిచేలోపే వడ్రంగి భార్య మాట అందుకుంది. ‘అది మీ కోడలు వాడుతుంది అన్నయ్యా. మీ చేతులు వణకడం మొదలయ్యాక మూతలు సరిగ్గా పడటం లేదు. టక్కుమనని సీసాలన్నీ మీరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు తీసేసి, మా చిన్న కుండలో నాలుగేసి కొత్తవి చేసి, గీత కూడా గీసి, మీ అరలో పెట్టేస్తుంది.’ నాకెందుకు చెప్పలేదంటే, ‘చెబితే మీరు మమ్మల్ని బతకనిచ్చేవారా?’ అంది. వడ్రంగి మాత్రం నిజాయితీపరుడు. మొదటి ఏడాది కక్కుర్తితోనే దాచాడట, తర్వాత దానికి పని పడిందట.

ఆ బీన్స్ తర్వాత నా సీసా ఒక్కటి కూడా చెడలేదని ఇన్నేళ్ళూ వీధి చివరిదాకా చెప్పుకుని తిరిగాను. ఇంటికొచ్చి కుడి గీత సీసా ఒకటి, ఎడమ గీత సీసా ఒకటి తెరిచి రుచి చూశాను. చెప్పడానికి నోరు రావడం లేదు గాని రాయడానికి చెయ్యి వస్తోంది. ఆమెదే బాగుంది.

8. కాబట్టి సదరు ఆవిరి కుండ, సామాన్ల గది తాళం, పటకారు, మేకు నా కోడలికి. నా కొడుకు భార్య కాబట్టి కాదు, పని వచ్చు కాబట్టి. ఈ అంశం నా తదనంతరం కాదు, రేపటి నుంచే అమలు. ఇల్లూ పెరడూ నా చావు కోసం ఆగుతాయి, టమాటాలు ఆగవు. గురువారం కొయ్యాలి.

రేపు పొద్దున పోస్టుమాస్టరు ఈ కాగితాన్ని మా పెరట్లో, ఆ రోజు ఎవరెవరి ముందు ఆమెను నిలబెట్టానో వాళ్ళందరి ముందూ, గట్టిగా చదవాలి. ఆరో అంశం రెండుసార్లు చదవాలి. నేను అక్కడే ఉంటాను. తల దించుకుంటానని ఎవరూ ఆశపడొద్దు, నా మెడ అలా వంగదు. లేచి నిలబడతాను.

కుండ వద్దనే హక్కు ఆమెకుంది. వద్దంటే ఇంకెవరికీ ఇవ్వను. ఆ టమాటాలు పిట్టలు తింటాయి, నేను చూస్తూ కూర్చుంటాను.

తీసుకుంటే ఒకటే షరతు. గడప బయట పీట నాది. సీసాలు కడిగి నేను అందిస్తాను. సీసా బరువు డాక్టరు చెప్పిన దానికి లోపలే, అడిగాను. సరిగ్గా కడగకపోతే ఆమె నన్ను తిట్టొచ్చు. పన్నెండేళ్ళ దాకా తిట్టొచ్చు. అన్నాళ్ళు ఉండటానికి ప్రయత్నిస్తాను.

తేదీ: సెప్టెంబరు రెండు, మంగళవారం.

సంతకం: సీసాల తాత. పక్కనున్నది మేకు గీత. ఎడమకు వాల్చి గీశాను. మూడు కాగితాలు చిరిగాయి, ఇది నాలుగోది.

సాక్షి ఒకటి: డాక్టరు. మనిషి తెలివిలోనే ఉన్నాడు. బుట్ట మాత్రం ఎత్తనివ్వొద్దు.

సాక్షి రెండు: సిలిండరు తెచ్చే అతను. ఆ రోజు వచ్చి మార్చింది నేనే. పొయ్యి చల్లగా ఉంది. పన్నెండేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు.