పాదువాలో అద్దాలు దాచాల్సిన ఇల్లు

మనామా, బహ్రెయిన్

శ్రీనివాసరాజు గారికి,

మనామా నుంచి లూర్దుమేరి వందనాలు. మీరు నన్ను ఎరగరు. మా తెలుగు సంఘంలో స్టెల్లా గారని ఉన్నారు. వాళ్ళ అబ్బాయి ఇటలీలో మీతో కలిసి చదువుకున్నాడట. పాదువా ఊళ్ళో పాతకాలపు మేడ ఒకటి మీ చేతిలో ఉందనీ, సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తారనీ ఆవిడే చెప్పారు.

మాది ఫిరంగిపురం. నేను ఇక్కడ సీఫ్ అనే పేటలో ఒక మాల్‌లో క్లీనింగ్ సూపర్‌వైజర్‌ని. మావారు ఎడ్వర్డ్ బుదైయా వైపు విల్లాలకు ఏసీలు బిగించే పని చూస్తారు. జూన్‌లో పునీత అంతోనివారి పండుగకు మేమిద్దరం పాదువా రావాలి. రావాలంటే రావాల్సిందే. ఇల్లు ఖాయమైనట్టు మీరు కాగితం పంపితే గాని వీసా వాళ్ళు మా ముఖం చూడరు.

మావారికి ఇది షికారని చెప్పాను. పెళ్ళయి పాతికేళ్ళయింది, ఒక్కసారైనా ఎక్కడికైనా తీసుకెళ్ళండి అని ఏడ్చి ఒప్పించాను. అసలు పని వేరే ఉంది. అది ఆయనకు తెలియకూడదు. మీరూ అడగొద్దు.

ఇంటి గురించి కొన్ని సంగతులు చెప్పండి. స్నానాల గది పెద్దదేనా? నీళ్ళు పోయే తూము బాగా పారుతుందా? పొద్దున్నే వేడినీళ్ళు వస్తాయా?

ఇట్లు,
లూర్దుమేరి

తా.క. ఆ ఇంట్లో అద్దాలు ఉంటే మేం వచ్చేలోపు తీసి దాచగలరా?


పాదువా

గౌరవనీయులైన లూర్దుమేరి గారికి,

నమస్కారమండి. మాది భీమవరం. చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఈ మేడలోనే మెట్ల కింద గదిలో ఉంటూ అద్దె వ్యవహారాలు చూస్తున్నాను. ఓనరమ్మ పేరు బెనెదెత్త. ఎనభై దాటాయి గాని ఆవిడవి పాము చెవులు.

మేడ ఆరువందల ఏళ్ళ నాటిదండి. పై కప్పంతా దేవదూతల బొమ్మలు. నూనె పొగ తగిలితే వాళ్ళు నల్లబడిపోతారని వేపుళ్ళు నిషేధం. గోడకు మేకు కొట్టకూడదు. మధ్యాహ్నం ఓనరమ్మ నిద్రపోయే వేళ చెప్పులేసుకుని నడవకూడదు. ఒప్పుకుంటే ఇద్దరి పాస్‌పోర్టు నకళ్ళు, ఫోన్ నంబర్లు, మెయిల్ అడ్రసులు పంపండి. జూన్‌లో ఇల్లు మీదే.

స్నానాల గది పెద్దదే. వేడినీళ్ళు ఎప్పుడూ వస్తాయి. తూములో మాత్రం దయచేసి నీళ్ళు తప్ప ఇంకేమీ వదలకండి. హాల్లో నిలువుటద్దం ఓనరమ్మ ముత్తవ్వ పెళ్ళినాటిది. దాన్ని కదిలిస్తే గవర్నమెంటు వాళ్ళు కేసు పెడతారు. కావాలంటే దాని మీద దుప్పటి కప్పొచ్చు.

భవదీయుడు,
శ్రీనివాసరాజు

తా.క. అద్దాలు ఎందుకు దాచాలో అడగొద్దన్నారు కాబట్టి అడగటం లేదు. కానీ నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.


మనామా

రాజుగారికి,

దుప్పటి ఉపాయం బాగుంది. కింద పరవడానికి ఇంకో పాతది కూడా ఉంచండి. తెల్లదైతే మంచిది. పని అయ్యాక పారేసినా ఎవరూ అడగనిది చూడండి.

గోడలు ఎంత మందం? మావారి గొంతు పెద్దది. శుక్రవారం ప్రార్థన కూటంలో మైకు లేకుండా పాడతారు. ఆయన అరిస్తే ఓనరమ్మ చెవిన పడుతుందా? తలుపుకు బయట నుంచి తాళం పడుతుందా? విషయం తెలిసిన మరుక్షణం ఆయన పారిపోతారని నాకు తెలుసు.

కత్తి ఇక్కడి నుంచి తెస్తే విమానం దగ్గర ఏం పేచీ పెడతారో. అక్కడే ఒకటి కొని ఉంచగలరా? బాగా పదునైనది కావాలి. మొద్దుదైతే ఆయనకు బాధ. ఆయన్ని బాధపెట్టాలని నాకు లేదండి. ఆయనకు తెలిసేలోపే అయిపోవాలి.

నకళ్ళు, ఆయన మెయిల్ అడ్రసు జతచేశాను. కానీ ఆయనకు ఒక్క ముక్క కూడా రాయకండి. వీసాకు ఇన్సూరెన్స్ కావాలంటే ఆయన పేరున కాస్త పెద్దదే చేయించాను. తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టు చూసేవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టగలరో లేదోనని, అదొక్కటే నాకు బెంగ.

ఇట్లు,
లూర్దుమేరి

తా.క. ఆయన బలమైన మనిషి. సాయానికి ఇక్కడి నుంచి ఎవరినీ తేలేను. మీరు వచ్చి కాళ్ళు పట్టుకుంటే చాలు. తల సంగతి నేను చూసుకుంటాను.


పాదువా

అక్కగారికి నమస్కారాలు.

అక్కగారూ అన్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం చదివాక చెంబెడు నీళ్ళు తాగి కూర్చున్నాను. మీకు నాలుగు మంచి మాటలు చెప్పాలనిపించింది.

సంసారమన్నాక మాటా మాటా రావడం మామూలేనండి. మా అమ్మగారు ఒక ఏడాది పాటు మా నాన్నగారితో మాట్లాడలేదు. కూర కావాలా అని గరిట చూపించి అడిగేవారు. ఆయన తల ఊపేవారు. ఇప్పుడు ఇద్దరూ చక్కగా పక్కపక్కన కూర్చుని సీరియల్ చూస్తున్నారు. ఏదైనా మనసులో ఉంటే అక్కడి ఫాదర్ గారితో చెప్పుకోండి. కోపంలో చేసిన పనికి జీవితమంతా కుమిలిపోవాలి.

ఇకపోతే, తూము నిన్నటి నుంచి పాడైంది. గోడలు కాగితమంత పల్చన అని ఇప్పుడే గమనించాను. పాదువాలో కత్తులు దొరకవండి. ఇక్కడ అందరూ రొట్టె కూడా చేత్తోనే తుంచుకుంటారు. జూన్‌లో ఇల్లు ఇవ్వడం కష్టమేమో అనిపిస్తోంది. కాస్త ఆలోచించుకోనివ్వండి.

మీ మేలు కోరే తమ్ముడు,
శ్రీనివాసరాజు

తా.క. మీవారి ఆరోగ్యం ఎలా ఉంది? అంటే, ఇవాళ ఎలా ఉంది?


మనామా

రాజుగారికి,

మీరు తమ్ముడినన్నారు. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. మా ఇంట్లో ఏదో జరుగుతోంది.

పోయిన శుక్రవారం చర్చి నుంచి వచ్చాక మావారు ఫోన్‌లో ఏదో చదివారు. ముఖానికి సున్నం కొట్టినట్టయింది. అప్పటి నుంచి నేను వండింది ముట్టుకోవడం లేదు. ఆయనకు ఇష్టమని చేపల పులుసు చేస్తే "ముందు నువ్వు తిను మేరీ" అన్నారు. పాతికేళ్ళలో నన్ను ముందు తినమనడం అదే మొదటిసారి. సంతోషంతో నాకు కళ్ళు చెమర్చాయి. నేను తినేంతసేపూ నా ముఖంలోకే చూసి, చివరికి ఆకలి లేదన్నారు.

నేను కూరగాయలు తరుగుతుంటే వంటింటి వైపు రావడం లేదు. పడక తనతో ఏసీల పని చేసే ఆదాము గారి గదికి మార్చారు. ఏమండీ అంటే ఓవర్‌టైం అంటారు. ఆదాము గారి గదిలో ఓవర్‌టైం ఏమిటి? ఇంకో ఆడదేమోనని కూడా అనుమానించాను. దేవుడు క్షమించాలి.

ఇదంతా నేను ఆలస్యం చేయడం వల్లే జరుగుతోందని నా భయం. మాట ఇచ్చాను. అంతోనివారికి ఇచ్చిన మాట. ఆ పని జరగకపోతే ఆయన నాకు దక్కరు. నాకు కంటి మీద కునుకు లేదు. వీసా తేదీ దగ్గర పడింది. మీకు దండం పెడతాను, కాగితం పంపండి.

ఇట్లు,
లూర్దుమేరి

తా.క. తూము పాడైతే బక్కెట్టు చాలు. అంతా ఒక సంచిలో వేసి గుడికి తీసుకెళ్ళి అంతోనివారి పాదాల దగ్గర పెట్టేస్తాను.


పాదువా

లూర్దుమేరి గారికి,

ఇల్లు ఇవ్వను. కాగితం పంపను. ఇటలీ మాట మరిచిపోండి.

మీ సంచి మాట చదివాక నా గదికి గడియ పెట్టుకుని ఇది రాస్తున్నానండి. ఇక దాచి లాభం లేదు. మీవారికి ఉత్తరం రాసింది నేనే. 'ఒక శ్రేయోభిలాషి' అని పెట్టాను. ఇటలీ ప్రయాణం పెట్టుకోకండి, ఆవిడ తినకుండా ఆవిడ వండింది తినకండి, ఆవిడ చేతిలో కత్తి ఉంటే ఆ గదిలోకి వెళ్ళకండి అని రాశాను. మీకు కోపం వస్తే రానివ్వండి. పైన దేవదూతలు చూస్తుండగా, కింద నేను ఒక మనిషి కాళ్ళు పట్టుకుని ఉండగా మీరు అతని తల తీస్తారా? నేను చీమను చూసి పక్కకు తప్పుకునే మనిషిని.

ఆయన్ని వదిలేయండమ్మా. అంత ఇష్టం లేకపోతే ఎవరి దారి వాళ్ళు చూసుకోండి. ప్రాణం మాత్రం తీయకండి.

శ్రీనివాసరాజు

తా.క. సంగతంతా ఓనరమ్మకు చెప్పాను. "వాళ్ళాయన ఏం చేశాడు?" అని అడిగింది. తెలియదన్నాను. "అయితే తొందరపడి ఆవిడను తప్పు పట్టకు" అంది.


మనామా

ఏమయ్యా రాజూ,

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. 'ఇల్లు ఇవ్వను' అన్న ముక్క చదవగానే కళ్ళల్లో నీళ్ళు నిండి మిగతాది కనపడలేదు. అక్కడే మెట్ల మీద కూలబడి మావారికి ఫోన్ చేసి "ఇటలీ లేదండీ, అంతా అయిపోయింది" అన్నాను. ఆయన "నిజమా?" అని రెండుసార్లు అడిగి ఫోన్ పెట్టేశారు. మిగతా ఉత్తరం ఇంటికొచ్చే బస్సులో చదివాను. బస్సులో నేను పెట్టిన కేకకు డ్రైవర్ భాయ్ బండి ఆపేశాడు.

తల తీయడమా? జుట్టు తీయడమయ్యా! కిందటి ఎండాకాలం బుదైయాలో పని మీద ఉండగా ఆయనకు వడదెబ్బ తగిలి పడిపోయారు. ఆసుపత్రిలో వేస్తే కళ్ళు తెరవలేదు. డాక్టర్లు నా వైపు చూడటం మానేశారు. అప్పుడు నేను అంతోనివారిని అడిగాను, "ఈయన్ని నాకు తిరిగి ఇచ్చేయ్ స్వామీ, నీ ఊరికి తీసుకొచ్చి ఈయన తలనీలాలు నీ పాదాల దగ్గర పెడతాను" అని. తెల్లారేసరికి కళ్ళు తెరిచారు. మన వైపైతే గుడి దగ్గరే తలనీలాలిచ్చే ఏర్పాటు ఉంటుంది. పాదువాలో ఉండదని స్టెల్లా గారంటే, ఇంట్లోనే కానిచ్చి గుడికి తీసుకెళ్దామనుకున్నాను.

ఆయనకు జుట్టంటే ప్రాణం. పొద్దున్నే ఆ రింగులు దువ్వుకుంటూ అద్దం వదలరు. సెలూన్‌లో ఓసారి అంగుళం ఎక్కువ కత్తిరించారని వీధంతా వినబడేలా అరిచారు. ముందే చెబితే విమానం ఎక్కుతారా? తలుపు తాళం, గోడల మందం, అద్దాలు, అన్నీ అందుకే. నీకు ఇది తప్ప అన్నీ తట్టాయి!

ఇక విను. ఇంటికొచ్చి తలుపు తీస్తే లోపల ఎవరో గుండాయన కూర్చుని పులుసన్నం తింటున్నాడు. "ఎవరండీ మీరు?" అన్నాను. "నేనే మేరీ, ఇంకాస్త పులుసు వెయ్యి" అన్నారు.

నేను ఏమీ అడగకముందే ఆయనే చెప్పారు. నీ ఉత్తరం చదివి మనామా గుడికి వెళ్ళి, "నా భార్య మనసు మార్చు, నా జుట్టు నీకిచ్చేస్తాను" అని అంతోనివారికే మొక్కుకున్నారట. ఇటలీ లేదని నేను ఫోన్ చేయగానే మొక్కు ఫలించిందనుకుని, సూక్ బజారులో సెలూన్‌కి పరిగెత్తి గుండు చేయించుకున్నారు. జుట్టు అక్కడి వాళ్ళు ఊడ్చి పారేశారట.

"చంపుతానని నమ్మినవారు ఇండియా వెళ్ళిపోలేదేం?" అన్నాను. "ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పుడు ఎదురుగా నువ్వే ఉన్నావు. నిన్ను వదిలి ఎక్కడికి పోను?" అన్నారు. నేను ఆ గుండును పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆయన మీద కోపం పోయింది. నీ మీద పోలేదు.

ఫాదర్ గారిని అడిగాం. దేవుడు మనసు చూస్తాడు, జుట్టు కాదు అని నవ్వారు. నేను నవ్వలేదు. జూన్‌కి ఆయన తల మీద అంగుళం కూడా ఉండదు. అంగుళం జుట్టు తీసుకుని అంత దూరం ఏ ముఖంతో రాను? ఇచ్చిన మాట ఆగడానికి వీల్లేదు. ఆయన జుట్టు పోయింది నీ వల్ల. కాబట్టి ఆ లోటు పూడ్చాల్సింది నువ్వు. తమ్ముడివన్నావు, ఇంటి మనిషివే. మావారు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. కాళ్ళు ఆయన పట్టుకుంటారట.

ఇంటి కాగితం ఇవాళే పంపు.

మీ అక్క,
లూర్దుమేరి

తా.క. మీ వెబ్‌సైట్‌లో నీ ఫోటో చూశాం. జుట్టు ఒత్తుగానే ఉంది. జూన్ దాకా సెలూన్ గడప తొక్కకు. నిలువుటద్దం మీద దుప్పటి మాత్రం కప్పే ఉంచు. మావారికి ఇక దాని అవసరం లేదు, నీకే ఉంటుంది.