బాపు మీది మన్ను

శ్రీదేవక్కకు తమ్ముడు ఎల్లేష్ శనార్తులు. ఇక్కడ అమ్మ, నేను, బర్రె బాగానే ఉన్నాం. మీ హాలియా కాలువ కింద యాసంగి నాట్లు పడ్డాయని రాశావు, సంతోషం. ఫోన్‌లో మాట్లాడితే అమ్మ వింటుంది, అందుకే ఈ ఉత్తరం.

రిత్విక్ కాలేజీ చదువుకు పాత చరిత్ర నెట్‌లో నమ్మకంగా ఎక్కడ దొరుకుతుందని అడిగావు. సంగీతం పెట్టి, కత్తులు తిప్పి, దాచిన నిజమంటూ అరిచే వీడియోల జోలికి పోవద్దని మేనల్లుడికి గట్టిగా చెప్పు. అవి చూసి ఊగిపోయి కరపత్రాలు రాసినవాణ్ణే నేను. పురావస్తు శాఖ అచ్చువేసిన శాసనాల సంపుటాలు డిజిటల్ లైబ్రరీల్లో ఉన్నాయి. రాయి ఏ ఊళ్ళో ఉందో, ఎవరు చదివారో అందులో ఉంటుంది. అక్షరం విరిగినచోట చుక్కలు పెట్టి వదిలేస్తారు. తెలియనిది తెలియదని ఒప్పుకున్న పుస్తకాన్నే నమ్మమను.

అట్లా వెతుకుతుంటే మన ఊరి పేరు కనబడింది. మన చెలక గట్టు మీద, మనం కూర్చుని సద్ది తిన్న రాయే. కాకతీయుల నాటిదట. ఒక తల్లి, చచ్చిపోయిన కొడుకు పుణ్యం కోసం, ఆ రాయికి తూర్పున మెట్లబావి తవ్వించిందట. ‘దీనిని పూడ్చినవారు’ అని ఉంది. ఆ తర్వాత అన్నీ చుక్కలే.

రాయికి తూర్పున ఉన్నది బాపు సమాధి.

సమాధి ఈసారీ కుంగిందా అని అడిగావు. కుంగింది. బాపు తిథి దగ్గర పడుతోందని అమ్మ ఒకటే పోరు.

“మీ బాపుకు నీళ్ళ ఫికర్ ఇంకా పోలేదురా, అందుకే గట్ల మెసులుతాండు. జర మన్ను పొయ్యి.”

బోరు మీద బోరు వేసి, దుమ్ము తప్ప ఏమీ చూడకుండానే పోయాడు కదా. అక్కడి పాడు గుంతను పూడ్చి తాత దున్నాడని అవ్వ చెప్పేది, గుర్తుందా?

“నీ శాసనాలల్ల మనకు నీళ్ళు పడతయని రాసిండ్రా?” అని అమ్మ ఎగతాళి చేసింది. ఇంకెప్పుడైనా అయితే కయ్యానికి దిగేవాణ్ణి. తల వంచుకుని బయటికొచ్చాను. నిజం దాచొద్దని ఊరంతా అరిచే నోరు ఇది.

నీకూ ఇంతదాకా రాయలేకపోయిన సంగతి ఇది. సోమవారం మన్ను పోద్దామని వెళ్ళి, కుంగినచోట పారతో కొంచెం లాగాను. బాపు కాళ్ళ దిక్కు చెక్కిన రాయి తగిలింది. దాని కింద ఇంకొకటి. మెట్లు. బాపు కిందికి దిగుతున్నాయి.

పూడ్చాలా, బాపును లేపి పక్కన పడుకోబెట్టాలా? నేనొక్కణ్ణే ఎట్లా తేల్చను? తట్ట గట్టు మీదే ఉంది. తిథికి నువ్వు వచ్చేదాకా పోయను.

వానలు ఎప్పుడో పోయాయి, పైన మన్ను దుమ్ము లేస్తోంది. రెండో మెట్టు మాత్రం తడిగా ఉందక్కా.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే తమ్ముడు
ఎల్లేష్